చిత్రకారుడు రవివర్మ

కొంతకాలము క్రిందటి వఱకు తెలుగునాట పాతయిండ్లలో అడుగిడినవారికి మొదట కన్నులబడునవి గోడమీది పటములు. తామరపూవుపై నిలిచిన లక్ష్మి, నీటియొడ్డున రాతిమీద కూర్చుండి వీణ వాయించు సరస్వతి నల్లని చెక్కచట్రములలో, అద్దముల వెనుకనుండి ఇంటివారిని చూచుచుండెడివారు. ఇంటి యిల్లాలు ఉదయమున స్నానముచేసి ఆ పటములకు కుంకుమబొట్టు పెట్టి, సాయంకాలము దీపము వెలిగించి నమస్కరించెడిది. లక్ష్మీదేవి ఎట్లుండునని పసివాడు అడిగినచో ఆ పటమునే చూపెడిది. ఆ పటములను వ్రాసినవాని మొగము ఆ యింటివారెవ్వరును చూచి యెఱుగరు. అయినను వాని పేరు మాత్రము అందఱకును తెలియును. అవి రవివర్మ పటములు.

ఇంతగా జనుల యిండ్లలో చోటు సంపాదించిన ఈ చిత్రకారుడు పుట్టినది రాజబంధువుల కుటుంబమున. ఆ కాలమున అట్టి కుటుంబములవారు సంగీతము పాడవచ్చును, కవిత్వము చెప్పవచ్చును, తీరికవేళల బొమ్మలు వ్రాసికొనవచ్చును. కాని వ్రాసిన బొమ్మకు వెల పుచ్చుకొనుట వారి మర్యాదకు తగని పనియని లోకుల యభిప్రాయము. చిత్రములు వ్రాసి జీవించువారిని పనివాండ్రుగా ఎంచెడివారు. అట్టి దినములలో రవివర్మ కుంచెనే తన వృత్తిగా గ్రహించెను. వేడుకగా మొదలిడిన విద్యను జీవితమునకెల్ల ఆధారముగా ఎట్లు చేసికొనెనో, అందులకై ఎన్ని కష్టముల కోర్చెనో తెలిసికొందము.

రవివర్మ 1848వ సంవత్సరము ఏప్రిల్ 29వ తేదీన తిరువాన్కూరు సంస్థానములోని కిళిమానూరు గ్రామమున జన్మించెను. ఆ గ్రామము తిరువనంతపురమునకు ఉత్తరముగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున ఉన్నది. కిళిమానూరు వంశమువారికి తిరువాన్కూరు రాజకుటుంబముతో వివాహసంబంధములు చిరకాలమునుండి కలవు. రవివర్మ తండ్రి నీలకంఠన్ భట్టతిరిపాడు సంస్కృత పండితుడు. తల్లి ఉమయంబ మలయాళమున పార్వతీస్వయంవరము అను కావ్యమును రచించిన విదుషి. ఆ కాలమున కేరళదేశమున అట్టి కుటుంబములలో పిల్లలు తల్లియింటనే పెరిగెడివారు. వారి బాగోగులు మేనమామయే చూచెడివాడు. కావున రవివర్మ తమ్ములు గోదవర్మ, రాజరాజవర్మలతోడను, చెల్లెలు మంగళాబాయితోడను కిళిమానూరులోనే పెరిగెను.

ఆ యింట పురాణపఠనము, సంగీతము, కథకళి ఆటలు నిత్యమును జరుగుచుండెడివి. నలుని కథయు, హరిశ్చంద్రుని కథయు బాలుడు చెవులార వినెను, కన్నులార చూచెను. వినినదానిని, చూచినదానిని ఊరక మఱచిపోవుట వానికి చేతకాదు. చేతికి బొగ్గుముక్క చిక్కెనా, సున్నము కొట్టిన తెల్లని గోడయే వానికి పలక. ఏనుగులు, పక్షులు, మనుష్యులు ఆ గోడలమీద వెలసెడివారు. సేవకులు విసుగుకొనుచు ఆ గీతలను తుడుచుచుండిరి. ఒకనాడు ఆ గీతలు మేనమామ రాజరాజవర్మ కంటబడెను. ఆయన స్వయముగా చిత్రలేఖనమునందు అభిరుచి గలవాడు. తంజావూరు పద్ధతిని బొమ్మలు వ్రాయ నేర్చినవాడు. గోడ పాడుచేసినందులకు ఆయన మేనల్లుని దండింపలేదు. ఆ గీతలలోని బలమును గుర్తించి తన యొద్దనే కూర్చుండబెట్టుకొని కుంచె పట్టుట నేర్పదొడగెను. ఆనాడు ఆ గీతలను చూచినవాడు మఱియొకడైనచో ఈ కథ అక్కడనే ముగిసి యుండెడిదేమో!

కొన్ని యేండ్లలోనే మేనమామ తనకు తెలిసినదంతయు నేర్పెను. అంతకు మించి నేర్చుకొనవలెనన్నచో రాజధానికి పోవలసినదే. 1862లో ఆయన పదునాలుగేండ్ల మేనల్లుని వెంటబెట్టుకొని తిరువనంతపురము చేరెను. అప్పటి మహారాజు అయిల్యం తిరునాళ్ విద్యాప్రియుడు. బాలుని చిత్రములు చూచి సంతసించి, రాజధానిలోనే ఉండి అభ్యాసము సాగింపుమని ప్రోత్సహించెను. రాజభవనములోని చిత్రములను చూచుటకును, విదేశములనుండి వచ్చిన పుస్తకములలోని పటములను పరిశీలించుటకును రవివర్మకు అవకాశము లభించెను. ఉండుటకు ఇల్లు, చూచుటకు చిత్రములు, మెచ్చుకొనుటకు మహారాజు. ఇంక కావలసినది గురువు ఒక్కడే.

గురువు దొరకుటయే కష్టమయ్యెను. ఆస్థానమున రామస్వామి నాయకర్ అను చిత్రకారుడుండెను. ఆయన మధురవాడు, తైలవర్ణములతో చిత్రించుటలో నేర్పరి. ఆ విద్య అప్పటికి మన దేశమున క్రొత్తది. తెలిసినవారు బహుకొలది మంది. తెలిసినవారు దానిని పరులకు చెప్పక దాచుకొనెడివారు. విద్యయే వారి యాస్తి. ఒరులకు నేర్పినచో తన యన్నము పోవునేమోయని వారి భయము. రాజబంధువైన ఈ బాలుడు నేర్చుకొన్నచో ఆస్థానమున తన చోటు నిలుచునా యని నాయకర్ శంకించెను. ఆయన నేర్పుటకు అంగీకరింపలేదు. అయితే ఆయన శిష్యుడు ఆరుముగం పిళ్ళైకి ఆ బాలునిపై దయ కలిగెను. అతడు రాత్రివేళల గురువునకు తెలియకుండ రవివర్మ యింటికి వచ్చి తనకు తెలిసిన మెలకువలను చెప్పుచుండెడివాడట. పగలు కానరాని గురువు, రాత్రి దీపపు వెలుతురున పాఠము! రవివర్మ తైలవర్ణ విద్య ఇట్లు ప్రారంభమయ్యెను.

1866లో రవివర్మకు మావేలిక్కర రాజకుటుంబపు కన్య భాగీరథీబాయితో వివాహమయ్యెను. వివాహమువలన రాజకుటుంబముతో వాని బంధుత్వము మఱింత దగ్గఱయ్యెను. సుఖముగా కాలము గడుపుటకు కావలసినవన్నియు సమకూడినవి. కాని ఆ యువకుని మనస్సు రంగుల చుట్టునే తిరుగుచుండెను.

1868లో థియోడర్ జెన్సన్ అను పాశ్చాత్య చిత్రకారుడు మహారాజు రూపచిత్రమును వ్రాయుటకు తిరువనంతపురము వచ్చెను. తన విద్యను ఇతరులకు బోధించుటకు అతడును ఇష్టపడలేదు. మహారాజు కోరినమీదట, తాను వ్రాయుచుండగా రవివర్మ దూరమునుండి చూచుటకు మాత్రము ఒప్పుకొనెను. రవివర్మకు ఆ మాత్రమే చాలెను. రంగులను పలకపై ఎట్లు కలుపుచున్నాడు? మొదట ఏ రంగు వేయుచున్నాడు? నీడను ఎట్లు తెచ్చుచున్నాడు? అడుగుటకు వీలులేదు, కన్నులతోనే నేర్చుకొనవలెను. చూచినదానిని ఇంటికి పోయి చేసి చూచుట, తప్పినచో తుడిచి మరల వేయుట. ఇదియే వాని పాఠశాల.

తైలవర్ణములయందు అంతటి విశేషమేమనగా, మన పూర్వపు చిత్రకారులు వాడిన నీటిరంగులు వేసిన వెంటనే ఆరిపోవును. రంగుపొడిని అవిసెనూనె వంటి నూనెలో నూరి చేసిన తైలవర్ణము ఆరుటకు చాల దినములు పట్టును. అది తడిగా నున్నంత కాలము ఒక రంగును మఱియొక రంగులోనికి మెల్లగా కలుపవచ్చును. చెక్కిలిపై వెలుతురు క్రమముగా నీడలోనికి జాఱుట, పట్టుచీర మడతలలో మెఱుపు, నగలలోని రాళ్ళ కాంతి, కన్నీటి తడి మొదలగువానిని చూపుటకు అది మిక్కిలి అనువైనది. అయితే తొందరపడువానికి ఆ రంగులు లొంగవు. పూర్తిగా ఆరని పొరమీద అడ్డదిడ్డముగా రంగు వేసినచో చిత్రము కొన్నాళ్ళకు పగుళ్ళు విచ్చును. ఓర్పే ఈ విద్యకు మొదటి మెట్టు. రవివర్మకు ఆ ఓర్పు సమృద్ధిగా నుండెను.

క్రమముగా వాని చేయి కుదిరెను. మహారాజు రూపమును, రాజకుటుంబమువారి రూపములను వాడు చిత్రించి మెప్పు పొందెను. మహారాజు సంతసించి, శ్రేష్ఠులైన విద్వాంసులకును కళావేత్తలకును మాత్రమే ఇచ్చెడి వీరశృంఖల అను స్వర్ణకంకణమును వానికి బహూకరించెను. రాజు మెచ్చెను, బంధువులు పొగడిరి. సామాన్యుడైనచో ఇంతటితో తృప్తిపడి యుండును.

రవివర్మ యెదుట ఇప్పుడు రెండు మార్గములుండెను. ఒకటి, రాజు నీడలో నుండి, మనసైనప్పుడు ఒక చిత్రము వ్రాసి, బహుమానములు పొందుచు గౌరవముగా కాలము గడపుట. రెండవది, చిత్రరచననే వృత్తిగా గ్రహించి, కోరినవారికి వ్రాసి యిచ్చి, పనికి తగిన వేతనము పుచ్చుకొనుట. మొదటిదానిలో సుఖము కలదు. కాని దానము పుచ్చుకొనువాడు దాత మనస్సును కనిపెట్టుకొని యుండవలెను. రెండవదానిలో లోకనింద కలదు. కాని అందు పనివాని చేతికి స్వాతంత్ర్యము కలదు. ఇరువదిరెండేండ్ల యువకునికి ఇది చిన్న సమస్య కాదు.

1870లో రవివర్మ కర్ణాటకదేశమున కొల్లూరులో వెలసిన మూకాంబికా దేవి సన్నిధికి యాత్ర వెడలెను. కొండలు, అడవులు దాటి చేయవలసిన దూరప్రయాణమది. అక్కడ 41 దినములు దేవిని సేవించెనని చెప్పుదురు. తన విద్యకు జీవితమును అర్పించుటకు ముందు దేవి యనుగ్రహమును కోరుటయే ఆ యాత్ర యుద్దేశము. ఆ సంవత్సరముననే కళ్ళికోటలో న్యాయాధికారిగా నున్న కిళక్కె పాలాట్ కృష్ణమీనన్ అను పెద్దమనిషి తన కుటుంబమువారి చిత్రమును వ్రాసి యిమ్మని కోరెను. రవివర్మ అంగీకరించి వ్రాసెను; వ్రాసినందులకు ధనము పుచ్చుకొనెను. అదియే వాని తొలి సంపాదనము.

ఆ ధనమెంతయో మనకు ముఖ్యము కాదు. రాజబంధువైన యువకుడు ఒక గృహస్థుని యింటికి పోయి, ఆ కుటుంబమును ఎదుట కూర్చుండబెట్టి, దినముల తరబడి పనిచేసి, పనికి కూలి స్వీకరించెను. ఆ దినమున రవివర్మ వేడుకకు వ్రాయువాడుగా నుండుట మాని వృత్తికారుడయ్యెను. శ్రమించి సంపాదించిన రూపాయి, వంశముచే వచ్చిన గౌరవమును తగ్గింపదని వాడు తన నడవడిచేతనే లోకమునకు తెలియజెప్పెను.

వృత్తిలో ప్రవేశించినవాడు తన విద్యను తనవారి మెప్పుతో కొలిచికొనరాదు. దూరదేశములవారు, పరిచయము లేనివారు పరీక్షించి తూచవలెను. 1873లో చెన్నపట్టణమున జరిగిన చిత్రకళా ప్రదర్శనమునకు రవివర్మ ఒక చిత్రమును పంపెను. మల్లెపూలదండ కొప్పున తుఱుముకొనుచున్న నాయర్ వనిత రూపమది. దానికి గవర్నరు స్వర్ణపతకము లభించెను. ఆ సంవత్సరమే ఐరోపాలోని వియన్నా నగరమున జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనమునను ఆ చిత్రము బహుమతి పొందెను. మఱుసటి యేడు చెన్నపట్టణమున తంత్రీవాద్యము వాయించు తమిళవనిత చిత్రమునకు మరల స్వర్ణపతకము వచ్చెను. 1876లో రవివర్మ శకుంతల చిత్రమును ప్రదర్శించెను. దుష్యంతునికి ప్రేమలేఖ వ్రాయుచు నేలపై వ్రాలియున్న శకుంతలను, ఆమె చెలులను అందు చూపెను. అప్పటి చెన్నపట్టణపు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు దానిని వెంటనే కొనెను. కాళిదాసు నాటకమును ఆంగ్లమున అనువదించిన మోనియర్ విలియమ్స్ పండితుడు తన గ్రంథపు ముఖచిత్రముగా ఆ చిత్రమునే ఎన్నుకొనెను.

కీర్తి వచ్చినను కష్టములు పోలేదు. 1880లో అయిల్యం తిరునాళ్ మహారాజు పరలోకగతుడయ్యెను. ఆయన తరువాత సింహాసనమెక్కిన విశాఖం తిరునాళ్ గొప్ప విద్వాంసుడే. కాని ఆయనకును రవివర్మకును మనస్సులు కలియలేదు. ఇంతకాలము నీడనిచ్చిన ఆస్థానమున ఇంక నిలుచుటకు వీలులేకపోయెను. రవివర్మ రాజధాని విడిచెను. పది సంవత్సరములకు ముందే వృత్తిని చేపట్టి యుండకపోయినచో వాని గతి యేమయ్యెడిది? రాజు దయమీదనే ఆధారపడినవానికి రాజు మాఱినప్పుడు దారి మూసికొనిపోవును. చేతిలో విద్యయు, పనిచేయు అలవాటును గలవానికి దేశమంతయు తెఱచిన ద్వారమే.

ఇప్పుడు వానికి తోడునీడగా నిలిచినవాడు తమ్ముడు రాజరాజవర్మ. అన్నకంటె 12 సంవత్సరములు చిన్నవాడు. తానును మంచి చిత్రకారుడు. ప్రకృతి దృశ్యములను చిత్రించుటలో నిపుణుడు. ఆంగ్లభాష బాగుగా నేర్చినవాడు కావున ఉత్తరప్రత్యుత్తరములు, లెక్కలు, ప్రయాణపు టేర్పాట్లు అతడే చూచెను. అన్న చిత్రములలో వెనుకటి కొండలు, చెట్లు, ఆకాశము పెక్కుచోట్ల అతని చేతిపని. అతడు ఆంగ్లమున వ్రాసిన దినచర్య నేటికిని నిలిచియున్నది. అన్నదమ్ములు ఎచ్చటెచ్చటికి పోయినది, ఎవరి చిత్రము వ్రాసినది దానివలన తెలియుచున్నది. రవివర్మ పేరు వినినప్పుడెల్ల ఈ తమ్ముని తలచుట న్యాయము.

తిరువాన్కూరునకు దివానుగా పనిచేసిన సర్ టి. మాధవరావు అప్పటికి బరోడా దివానుగా నుండెను. ఆయన రవివర్మ ప్రతిభను ఎఱిగినవాడు. 1881లో యువకుడైన శాయాజీరావు గాయక్వాడు రాజ్యభారమును వహించెను. ఆ సందర్భమున రవివర్మ సోదరసహితుడై బరోడాకు పోయి, మహారాజును, రాజకుటుంబమువారిని చిత్రించుచు కొన్ని నెలలు గడపెను. 1885లో మైసూరు మహారాజు చామరాజేంద్ర ఒడయరు పిలిపించెను. ఇట్లు ఒక్క ఆస్థానము విడిచినవానిని అనేక ఆస్థానములు ఆహ్వానించెను. కిళిమానూరు వంటి పల్లెకు దేశమునలుమూలలనుండి ఉత్తరములు రాసాగెను. ఆ యుత్తరముల రద్దీవలననే ఆ గ్రామమున తపాలా కార్యాలయము ఏర్పడెనని చెప్పుదురు.

1888లో బరోడా మహారాజు ఒక గొప్ప పనిని రవివర్మకు అప్పగించెను. తన క్రొత్త రాజభవనమైన లక్ష్మీవిలాసము కొఱకు పురాణకథలనుండి 14 చిత్రములు వ్రాసి యిమ్మని కోరెను. అందులకు 50,000 రూపాయలు ప్రతిఫలముగా నిర్ణయింపబడెను. ఆ దినములలో అది యెంతటి మొత్తమో ఊహించుకొనుడు.

పని చేతికి రాగానే రవివర్మ కుంచె పట్టలేదు. వానికొక చిక్కు ఎదురయ్యెను. నలుడు, దమయంతి, సుభద్ర, అర్జునుడు ఒక్క కేరళదేశమువారు కారు. భారతదేశమువారందఱును వారిని తమవారనుకొందురు. అట్టివారికి ఏ ప్రాంతపు కట్టుబొట్టు చూపవలెను? మలయాళపు కట్టు చూపినచో ఉత్తరదేశమువారు గుర్తింపరు. ఉత్తరదేశపు కట్టు చూపినచో దక్షిణాదివారికి పరాయిగా తోచును. దీనిని తెలిసికొనుటకు అన్నదమ్ములు ఉత్తరదేశమున పెక్కు నగరములు తిరిగిరి. పాత శిల్పములు చూచిరి. వివిధ ప్రాంతముల స్త్రీపురుషుల వేషములను పరిశీలించిరి. తుదకు స్త్రీలకు చీరకట్టునే ఎక్కువగా ఎన్నుకొనిరి. పిమ్మట కిళిమానూరునకు వచ్చి పనికి పూనుకొని 1890లో 14 చిత్రములను పూర్తిచేసిరి. నలదమయంతులు, శంతనుడు మత్స్యగంధి, అర్జునుడు సుభద్ర, విశ్వామిత్రుడు మేనక మొదలగువారు ఆ చిత్రములలోనివారు.

ఆ చిత్రములు రాజభవనపు గోడలనెక్కుటకు ముందు జనులు చూచుటకై ప్రదర్శింపబడెను. పురాణములు చెవులతో వినినవారే కాని అట్టి రూపములతో చూచినవారు లేరు. జనులు గుంపులు గుంపులుగా వచ్చి చూచిరి. వాని ఛాయాచిత్రములు విరివిగా అమ్ముడుపోయెను. ఆ దృశ్యము రవివర్మ మనస్సున ఒక యాలోచనను బలపఱచెను. తాను వ్రాసిన చిత్రము ఒక రాజభవనమున ఒక గోడపై నుండును. దానిని చూచువారు పదిమందియో నూఱుమందియో. ఇంత యాశతో చూడవచ్చిన పేదలు తమ యింటికి ఏమి తీసికొనిపోవుదురు? ఒక్కనికి ఒక్క చిత్రము వ్రాసి యిచ్చుచు పోయినచో వెయ్యి జన్మములెత్తినను చాలదు. చిత్రములను రంగులలో అచ్చు వేయింపుమని మాధవరావు అంతకుముందే సూచించి యుండెను.

1894లో రవివర్మ బొంబాయిలోని గిర్గాము ప్రాంతమున రంగుల ముద్రణాలయమును స్థాపించెను. జర్మనీనుండి యంత్రములను తెప్పించి, ఆ దేశపు నిపుణులను నియమించెను. నాటి ముద్రణము రాతిమీద జరిగెడిది. నున్నగా అరగదీసిన సున్నపురాతిపై జిడ్డుసిరాతో బొమ్మ గీయుదురు. రాతిని తడిపి సిరా పూసినచో, నీరు నిలిచిన చోట సిరా అంటదు. జిడ్డు గల గీతలమీద మాత్రమే అంటుకొనును. దానిపై కాగితముంచి ఒత్తినచో బొమ్మ పడును. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాయి కావలెను. ఒకే కాగితము పెక్కు రాళ్ళమీద వరుసగా పడవలెను. ఒక్క రాయి వెంట్రుకవాసి తప్పినను లక్ష్మీదేవి పెదవి రంగు చెక్కిలిమీద పడును! ఇంత శ్రమతో ఆ ముద్రణాలయమున మొదట వెలువడినది శకుంతలా జననము. తరువాత లక్ష్మి, సరస్వతి మొదలగు దేవతల పటములు వేలకొలదిగా వెలువడి దేశమంతట వ్యాపించెను. రాజభవనముననే గాక గుడిసెలోను, ఆలయప్రవేశము లేనివారి యిండ్లలోను దేవతలు కొలువుతీరిరి.

చిత్రకారుడుగా గెలిచిన రవివర్మ వ్యాపారిగా గెలువలేదు. ముద్రణాలయపు వ్యయము ఆదాయమును మించెను. బొంబాయిలో మహామారి చెలరేగి పనికి అంతరాయము కలిగించెను. ముద్రణాలయమును లోనావళ యొద్దనున్న మళవలికి మార్చినను అప్పులు తీరలేదు. తుదకు దానిని అందే పనిచేయుచుండిన జర్మను నిపుణుడు ష్లైకరునకు అమ్మివేయవలసి వచ్చెను. అన్నదమ్ములకు ఇది పెద్ద దెబ్బ. కాని ముద్రణాలయము చేయి మాఱినను రవివర్మ చిత్రములు అచ్చగుట ఆగలేదు. లాభము పోయెను; సంకల్పము మాత్రము నెఱవేఱెను.

ఇంతలో వాని పేరు సముద్రములు దాటెను. 1893లో అమెరికాలోని చికాగో నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమునకు పంపిన చిత్రములు పతకములు గెలుచుకొనెను. 1904లో ప్రభుత్వమువారు కైసర్-ఇ-హింద్ స్వర్ణపతకము నొసగిరి. అయినను వృత్తికారునికి ఎదురుచూపులు తప్పలేదు. 1902లో అన్నదమ్ములు హైదరాబాదునకు వచ్చిరి. ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ వారికి ఆతిథ్యమిచ్చెను. నిజాము ప్రభువు చిత్రములు వ్రాయించుకొనునేమోయని వారు ఎదురుచూచిరి. కాని ఆశించిన పని లభింపలేదు. దేశమంతయు కీర్తించు చిత్రకారుడు కూడ పనికొఱకు ఒక ద్వారమున నిలిచి, పని దొరకక మరలవలసి వచ్చెను. వృత్తిని నమ్ముకొన్నవాడు ఇట్టివానికి సిద్ధపడియే యుండవలెను. రవివర్మ నిరుత్సాహపడక మఱియొక ఊరికి, మఱియొక చిత్రమునకు సాగిపోయెను.

1905 ప్రారంభమున తమ్ముడు రాజరాజవర్మ మరణించెను. కుడిభుజము విఱిగినట్లయ్యెను. రవివర్మ అప్పటికే మధుమేహవ్యాధిచే బాధపడుచుండెను. అయినను మైసూరు రాజభవనము కొఱకు ఒప్పుకొన్న చిత్రములను వ్రాసి యిచ్చి మాట నిలుపుకొనెను. 1906వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన, తాను బొగ్గుముక్కతో మొదటి గీతలు గీసిన కిళిమానూరులోనే కన్నుమూసెను. అప్పటికి వాని వయస్సు 58 సంవత్సరములు.

రవివర్మ గతించిన తరువాత కొందఱు విమర్శకులు వాని చిత్రములను ఆక్షేపించిరి. పాశ్చాత్యుల పద్ధతిని అనుసరించి భారతీయ సంప్రదాయమును విడిచెనని, దేవతలను నాటకపాత్రలవలె చూపెనని వారు పలికిరి. అజంతా మొదలగు మన ప్రాచీన చిత్రముల మార్గమే అనుసరింపదగినదని వంగదేశపు చిత్రకారులు వాదించిరి. ఈ విమర్శలో కొంత సత్యము లేకపోలేదు. అయినను కాలమే పెద్ద న్యాయాధిపతి. 1979లో భారతప్రభుత్వము రవివర్మ చిత్రములను జాతీయ కళానిధులుగా ప్రకటించెను. ఆయన చిత్రములను నేటికిని తిరువనంతపురము, మైసూరు, బరోడా నగరములలో చూడవచ్చును.

విద్యార్థులారా! రవివర్మ జీవితమున మనము గమనింపదగినది ఒకటి కలదు. వానికి పుట్టుకచే సుఖము లభించెను. ప్రతిభయు పుట్టుకతోనే వచ్చెను. కాని ఆ రెంటివలననే వాడు గొప్పవాడు కాలేదు. గురువు నిరాకరించినప్పుడు రాత్రులు మేల్కొని నేర్చెను. నోరు విప్పుటకు వీలులేనప్పుడు కన్నులతో నేర్చెను. లోకులు చిన్నచూపు చూచు వృత్తిని ఎన్నుకొని, దానిని తన నడవడిచే గౌరవింపజేసెను. నష్టము వచ్చినను చేపట్టిన పనిని విడువలేదు. ఏ పనియు పుట్టుకచే ఎక్కువ తక్కువలు పొందదు. చేయువాని శ్రద్ధయే దానికి విలువ కట్టును. ఎక్కడనైన ఒక పాతయింటి గోడపై వెలిసిపోయిన లక్ష్మీదేవి పటము మీకు కనబడినప్పుడు, ఒకనాడు తెల్లని గోడపై బొగ్గుముక్కతో బొమ్మలు గీసిన ఆ బాలుని ఒక్కసారి తలచుకొనుడు.